చూడనిదానికి సంతకం పెట్టలేదు

కరోనా తగ్గి, మిల్లులో మూడు షిఫ్టులూ మళ్ళీ నడవడం మొదలైన ఏడాది, ఏప్రిల్ నడుమ, చిత్తిరై నెల మొదట్లో నాకొక ఆఫీసు ఆర్డరు ఇచ్చారు. మిల్లు కంప్యూటర్ పని మొత్తాన్నీ క్లౌడ్‌కు మార్చబోతున్నారని, మిల్లు తరఫున దానికి బాధ్యురాలు ఎస్. జయమణి అని అందులో ఉంది. తమిళనాడులో, రాజపాళయంలోని ఆ స్పిన్నింగ్ మిల్లులో నేను అప్పటికి ఇ.డి.పి. మేనేజర్‌ని, అంటే కంప్యూటర్ విభాగానికి పెద్దని. మా అమ్మ అదే మిల్లు రీలింగ్ సెక్షన్‌లో కూలి చేసింది. నేను డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరి పైకి వచ్చాను. రిటైర్‌మెంటుకు ఏడాది కూడా లేదు.

నేను క్లౌడ్‌కు అడ్డుపడ్డానని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. అది అబద్ధం. మా సర్వర్ రూమ్ దూదిని ఏకే కార్డింగ్ హాలు గోడకు ఆనుకున్న ఇరుకు గది. ఎన్ని సందులు మూసినా దూది పొడి లోపలికి వచ్చేది. రెండు ఏసీల్లో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. యూపీఎస్ కూత వినపడితే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తిన రోజులు నాకు లెక్కలేదు. ఆ యంత్రాలన్నీ పోయి, ఎక్కడో పెద్ద కంపెనీ నడిపే యంత్రాల మీద మన పని సాగుతుందంటే అందరికన్నా ముందు సంతోషించింది నేనే.

పనిని చెన్నై కంపెనీ ఒకదానికి ఇచ్చారు. వాళ్ళ ప్రాజెక్టు మేనేజర్ కార్తికేయన్ తెలివైనవాడు, మర్యాదస్తుడు కూడా. పాతదాన్ని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టే రోజును కట్‌ఓవర్ అంటారు. దానికి ముందు ప్రతి విభాగం పెద్దా సైన్-ఆఫ్ కాగితం మీద సంతకం పెట్టాలి. నాకిచ్చిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. డేటా అంతా చేరింది. బ్యాకప్ నుంచి తిరిగి బయటికి తీసి సరిచూశాం. మొదటిదానికి లెక్కలు సరిపోయిన రిపోర్టు చూపించారు. రెండోదాన్ని రిస్టోర్ టెస్టు అంటారు. అది ఎవరూ చేయలేదు. కట్‌ఓవర్ అయిన వారంలోనే సర్వర్ రూమ్‌లోని డిస్కులన్నీ తుడిచేయాలని మాత్రం రాసుకున్నారు.

సంతకం పెట్టనన్నాను. టెస్టుకు ఇప్పుడు వ్యవధి లేదు, తర్వాత చేస్తామన్నాడు కార్తికేయన్. తర్వాత చేసేదాన్ని చేసేశామని ఎందుకు రాశారని అడిగాను. అతను ఆ సంగతి పైకి చెప్పాడు. మర్నాడు ఎం.డి. పిలిపించారు. ఎప్పుడో ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ మిల్లు పెట్టిన రాజుల కుటుంబంలో ఆయన మూడో తరం.

"ఏమ్మా జయమణీ, అందరూ కైయెళుత్తు పెట్టినారు. నీవు ఒక్కదానివే కాగితం నిలిపి పెట్టినావు?"

"టెస్టు చూడలేదు ఐయా. చూడనిదాన్ని చూసినానని రాసేది నా వల్ల కాదు."

"రిటైర్ అయ్యే టైంలో ఎందుకమ్మా ఈ పిడివాదం?"

"రిటైర్ అయినాంక కూడా ఆ కాగితం మీద నా పేరు ఉంటుంది ఐయా."

అయితే కైయెళుత్తు, అంటే సంతకం, నీ అసిస్టెంటు చేత పెట్టిస్తానన్నారు. పెట్టించండి, నేను ఎందుకు పెట్టలేదో కూడా ఫైల్లో ఉండాలి అన్నాను. అప్పటికే అది రాసి తెచ్చాను. బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. చివరికి ఒక్క దినం ఇచ్చారు. నేను అడిగినదాన్ని కార్తికేయన్ మనుషులు బ్యాకప్ నుంచి తీసి చూపించాలి, వస్తే నేను సంతకం పెట్టాలి.

ఏం అడగాలో నాకు తెలుసు. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే సేత్తూరు మరియమ్మ మీద అప్పుడు ఎంక్వైరీ నడుస్తోంది. మేం పంపిన నూలుతో నేసిన గుడ్డకు రంగు వేస్తే చారలు తేలాయని తిరుప్పూరు నుంచి ఫిర్యాదు వచ్చింది. రెండు లాట్ల నూలు కోన్లను ఒకే పెట్టెలో కలిపేసిందని ఆమె మీద నేరం మోపారు. ప్రతి లాటుకూ, అంటే ఒకే దూది మిశ్రమంతో తీసిన నూలుకు, కోను కొనకు ఒక రంగు ఉంటుంది, దాన్ని చూసే కడతారు. "అక్కా, నేను కలర్ చూసే కట్టినాను. కలర్ మారనే లేదు. నేను కలిపేది ఎట్ల?" అని ఆమె నా దగ్గరకొచ్చి అడిగింది. పని పోయే స్థితి. ఆ లాటుకు ల్యాబ్‌లో తీసిన దూది రీడింగులు చూస్తే నిజం తేలుతుంది. అవే తీయమన్నాను.

స్టాకు వచ్చింది, డిస్పాచ్ వచ్చింది. ల్యాబ్ రీడింగుల చోట ఖాళీ. ఆ ఒక్క లాటుకే కాదు, ఏ లాటుకూ లేవు.

కార్తికేయన్ మనుషులు గంటలోపే కారణం పట్టుకున్నారు. కారణం నేనే. చాలా ఏళ్ళ కిందట డిస్కు నిండిపోతే, ల్యాబ్ ఫైళ్ళను అదే గదిలోని వేరే యంత్రంలోకి జరిపి, ప్రోగ్రాంలో దారి మార్చాను. ఎవరికీ చెప్పలేదు, రిజిస్టర్లో రాయలేదు, నేనే మరిచిపోయాను. వాళ్ళు ప్రధాన డేటాబేస్‌ను మాత్రమే కాపీ చేసి, దాంతోనే పోల్చి చూశారు. ఇవి అందులో లేవు కనుకే లెక్కలు సరిపోయాయి.

మీటింగులో ఆ సంగతి నేనే చెప్పాను, ఇంకొకరి నోట రానివ్వలేదు.

"అంటే తప్పు నీదేనా?" అన్నారు ఎం.డి.

"నాదే ఐయా. మెమో ఇయ్యండి, తీసుకుంటాను. టెస్టు వద్దని మీరంతా చెప్పినారు, కావాలని నేను చెప్పినాను. అదీ రాయండి. ఇప్పుడు కూడా కైయెళుత్తు పెట్టను."

కార్తికేయనే ముందు మాట్లాడాడు. పాత డిస్కులు తుడిచాక ఇది బయటపడి ఉంటే చేయగలిగింది ఏమీ లేదని ఒప్పుకున్నాడు. కట్‌ఓవర్‌ను మూడు వారాలు వెనక్కి జరిపారు.

నేను జరిపిన ఆ యంత్రంలో ల్యాబ్ ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి. ఫిర్యాదు వచ్చిన లాటు నడుమ నుంచి దూది పీచు సన్నదనం మారిపోయింది; అది మారితే గుడ్డకు రంగు పట్టడమూ మారుతుంది. కొత్త బేళ్ళ మిశ్రమం వేసి కూడా లాటు నంబరు మార్చలేదు. నంబరు మారనప్పుడు కొన రంగూ మారదు. నంబరు నిర్ణయించేది ప్రొడక్షన్ ఆఫీసు, ప్యాకింగ్ కాదు. మరియమ్మ మీద ఎంక్వైరీని నోటిమాటతో ముగించబోయారు. కాగితం మీద ఇవ్వమని పర్సనల్ డిపార్ట్‌మెంటులో రెండుసార్లు కూర్చున్నాను. ఆమె మీద ఏ నేరమూ నిలవలేదని రెండు వరుసలు రాసిచ్చారు.

ఆ మూడు వారాల్లో నాలాగే ఎవరో వేరేచోట పెట్టి మరిచిపోయిన ఫైళ్ళు ఇంకో రెండు దొరికాయి. అన్నిటినీ బయటికి తీసి చూపించాక సంతకం పెట్టాను. పాత సర్వర్‌ను నా చేత్తోనే ఆపాను.

మెమో నా ఫైల్లో ఉంది. అది న్యాయమైనదే, దాని మీద నేను అప్పీలు చేయలేదు. తప్పు చేసిన మనిషికి రుజువు అడిగే హక్కు లేదని మాత్రం ఆ రోజూ ఒప్పుకోలేదు, ఈ రోజూ ఒప్పుకోను. అలా అయితే ఏ ఆఫీసులోనూ అడగడానికి ఒక్కరూ మిగలరు. డేటా గోడ పక్క గదిలో ఉన్నా, ఎక్కడో క్లౌడ్‌లో ఉన్నా, తిరిగి తీసి చూసినదాన్నే ఉందని రాయాలి.