చిన్న టిన్ను రుచి

"గిది గా బీరు కాదు బిడ్డా. దీని రుచి వేరే ఉంది," అంది అమ్మ, టిన్ను పెదవుల దగ్గర నుంచి దించి.

అదే బీరు. అదే పేరు, అదే దుకాణం. తేడా ఒక్కటే. అంతకు ముందు ఆమె తాగేది పెద్ద టిన్ను, ఆ రోజు నేను తెప్పించింది చిన్నది.

మా అమ్మ మున్సిపాలిటీలో ఊడ్చే పని చేసి రిటైరయింది. కార్వాన్ సందులన్నీ ఆమె చీపురు కిందికి వచ్చినవే. అదే జట్టులో పనిచేసిన చిన్నమ్మ దబీర్‌పురా స్టేషను వెనక ఒక గదిలో ఉంటుంది. మాకు చుట్టమేమీ కాదు, కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చిన్నమ్మే. పని ఉన్న రోజుల్లో ఇద్దరూ డ్యూటీ దిగి కల్లు కాంపౌండుకు వెళ్లేవాళ్లు. రిటైరయ్యాక కల్లు పోయి బీరు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. అమ్మ తనే వైన్స్‌కు నడిచివెళ్లి పెద్ద టిన్ను ఒకటి తెచ్చేది. సీసా తెచ్చేది కాదు. ఖాళీ సీసా చెత్తబండిలో గలగలమంటుంది, టిన్నయితే కాలితో తొక్కితే అయిపోతుంది. ఎవరింట్లో ఏం తాగుతారో చెత్తబండికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆమె అనుభవం. ఇద్దరూ గుమ్మం లోపల చాప వేసుకుని, ఒక టిన్నే చేతులు మార్చుకుంటూ, పాత మేస్త్రీలను తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్లు.

నేను బహదూర్‌పురాలో సర్కారు బడి టీచర్ని. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. ఆ మధ్యాహ్నాలు నేను లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దుకునేదాన్ని. తోటి టీచర్లెవరినీ ఆదివారం ఇంటికి పిలిచింది లేదు. ఎదురింటి ఖాలా గిన్నెలో ఏదైనా పెట్టుకుని వస్తే, నేనే పరుగున వెళ్లి గడప దగ్గరే అందుకుని పంపేసేదాన్ని. అమ్మ మాత్రం లోపలి నుంచి "ఆవో ఆపా, బైఠో" అని పిలిచేది, చేతిలో టిన్ను అలాగే ఉండగా.

ఈ చలికాలం అమ్మ బాత్రూంలో జారిపడింది. మడమ పైన ఎముక విరిగి కట్టు వేశారు, మంచం దిగొద్దన్నారు. బీరు తెచ్చే పని నా మీద పడింది. వైన్స్ ముందు నిలబడటం నా వల్ల కాదు. సందు మూల మీద ఆటో పెట్టుకునే అన్నకు డబ్బులిచ్చి, "చిన్న టిన్నే తే అన్నా, నల్ల కవర్ల పెట్టి," అని చెప్పాను. చిన్నదయితే నా హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. మూల నుంచి ఇంటి దాకా నలుగురి కళ్ల ముందు కవరు పట్టుకుని నడవనక్కర్లేదు. అసలు కారణం అదే. అమ్మతో మాత్రం, మందులు వేసుకుంటున్నావు కాబట్టి తగ్గించాలని చెప్పాను.

మొదటిసారి చిన్న టిన్ను తెచ్చిన రోజు చిన్నమ్మ ఒక్క గుటక తాగి, "నాకు చాలక్కా, కడుపుల మంచిగ లేదు," అని తిరిగి ఇచ్చేసింది. అమ్మ రుచి వేరే ఉందన్నది అప్పుడే. తర్వాతి ఆదివారం కూడా అదే మాట.

"రెండిట్ల ఒక్కటే బీరుంటదమ్మా. ఒక్క ట్యాంకుల నుంచే పోస్తరు," అన్నాను.

"నువ్వు పోయి చూసినవా?"

"చూడాల్నా? గింత దానికి?"

"మరి నాకెందుకు వేరే కొడుతుంది?"

ఎక్కువ తాగాలని ఉండి రుచి మీదికి నెడుతోందనుకున్నాను. ఆ మరుసటి వారం ఆటో అన్నతో రెండు రకాలూ తెప్పించాను. అమ్మ మంచం పక్కన స్టీలు గ్లాసులు పెట్టి, ఇద్దరినీ కళ్లు మూసుకోమన్నాను. అమ్మ నవ్వుతూ మూసుకుంది. చిన్నమ్మ కొంగు సర్దుకుని, నా ముఖం ఒకసారి చూసి మూసుకుంది. ఒక గ్లాసు తర్వాత ఒకటి చేతికి అందించి, ఏది పెద్ద టిన్నుదో చెప్పమన్నాను.

అమ్మ చిన్నదాన్ని పట్టుకుని పెద్దదంది.

"నాకు తెలుస్తలేదు బిడ్డా," అంది చిన్నమ్మ.

"ఏదో ఒకటి చెప్పాలె చిన్నమ్మా."

ఆమె పరీక్షలో పిల్లలు గుడ్డిగా గీత పెట్టినట్టు, ఒక గ్లాసు ముందుకు జరిపింది. అదీ తప్పే.

"ఇద్దరిది తప్పే," అన్నాను, ఒకటో తరగతి పలకలు తిరిగిచ్చే గొంతుతో. "ఇగ ఈ రుచి లొల్లి బంజేయండ్రి."

అమ్మ పడీ పడీ నవ్వింది. "గ్లాసుల పోస్తె ఎట్ల తెలుస్తదే," అంది. చిన్నమ్మ నవ్వలేదు. మూతి తుడుచుకుని, గ్లాసులో మిగిలింది అలాగే ఉంచి లేచింది. "బస్సు దొరకదక్కా, పోతా," అంది. గుమ్మంలో ఎండ ఇంకా తగ్గలేదు.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. మోకాళ్లు నొస్తున్నాయని ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాతి వారం ఫోను కూడా రాలేదు. నేను తెప్పించిన చిన్న టిన్ను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల అలాగే ఉంది. అమ్మ తీయమనలేదు.

"మోకాళ్లు తగ్గినంక వస్తదిలే అమ్మా," అన్నాను ఆమెకు అన్నం పెడుతూ.

"దానికి మోకాళ్లు నొస్తలేవు," అంది అమ్మ. కోపంగా అనలేదు. కూర కలుపుకుంటూ అంది. "దానికి ముఖం చెల్లక వస్తలేదు. నీకు మేము తాగుడు సిగ్గయితుంది. గది నీ ముఖంల కనపడ్తది. నేనైతె తల్లిని, ఏమన్న పడ్త. అది పరాయి మనిషాయె."

నేను కూర గిన్నెలోంచి గరిటె తీశాను.

"చిన్న టిన్నిచ్చి ఇద్దర్ని కూసోబెడితివి. ఒకళ్లు తాగుతాంటె ఇంకొకళ్లు గుటకలు లెక్క పెట్టుకోవాలె. నేనెక్కువ తాగిన్నా, అదెక్కువ తాగిందా అని. గట్ల తాగితె రుచేడుంటదే?"

నా చేతిలో గరిటె ఉంది. కూర వెయ్యాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లూ తలుపు దగ్గరగా వేసుకుంటే నా సిగ్గు నాతోనే లోపల ఉంటుందనుకున్నాను. అది చాప దాకా వచ్చి వాళ్ల మధ్య కూర్చుందన్నమాట.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. ఆటో అన్న యాదగిరిగుట్ట కిరాయికి వెళ్లాడు. స్కార్ఫు ముఖానికి చుట్టుకుని మెయిన్ రోడ్డు మీది వైన్స్‌కు నేనే నడిచాను. ఇనుప జాలీకి అవతల మనిషి, "క్యా హోనా మేడం?" అన్నాడు. పక్కనున్న మగవాళ్లు తోసుకోవడం మానేసి దారిచ్చారు. వాళ్లు దారివ్వడం తోసుకోవడం కంటే ఎక్కువ బాధపెట్టింది. రెండోసారి అడిగితే బీరు పేరు చెప్పి, "పెద్ద టిన్ను," అన్నాను.

"నమస్తే మేడం," అన్నారు పక్క నుంచి.

నా రెండో తరగతి పిల్ల తండ్రి. స్కార్ఫు ఉన్నా గొంతు పట్టి గుర్తుపట్టాడు. ఆయన చేతిలోనూ కవరు ఉంది, దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"మా అమ్మకు," అన్నాను వెంటనే. ఆయన ఏమీ అడగలేదు. "కాలిరిగింది. ఆమెకే."

"అవును మేడం," అన్నాడు తల ఊపి. "నేను గూడ మా అమ్మకే."

నా ఇబ్బంది పోగొట్టడానికి అన్నాడో, నమ్మక అన్నాడో ఇప్పటికీ తెలియదు. అబద్ధం చెప్పలేదు నేను. అయినా ఆ నిజం నోట్లోంచి వచ్చిన తీరు చూసి, అబద్ధమే నయమనిపించింది. మంచంలో పడున్న మనిషిని పట్టుకొచ్చి వైన్స్ ముందు నాకు అడ్డంగా నిలబెట్టాను.

టిన్ను బ్యాగులో పట్టలేదు. కవరులోనే పట్టుకుని వేరే ఆటోలో దబీర్‌పురా వెళ్లాను. చిన్నమ్మ గది ముందు చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి కంగారుగా లేచింది. మోకాళ్లలో నొప్పేమీ కనపడలేదు.

"అక్కకేమన్నయ్యిందా?"

"ఏం కాలేదు చిన్నమ్మా. నిన్ను తీసుకపోదామని వచ్చిన. అమ్మ ఎదురుచూస్తుంది." కవరు కొంచెం పైకెత్తాను. "పెద్దదే తెచ్చిన."

ఆమె కవరు వైపు చూసి గబుక్కున నా చేయి కిందికి దించింది, ఎవరైనా చూస్తారేమోనని. నా కోసమే దించింది. "నువ్వు తెచ్చినవా? ఏం పని బిడ్డా, టీచరమ్మవు," అంది. నన్ను లోపల కూర్చోబెట్టి చాయ్ పెట్టింది.

"ఆ రోజు నేనట్ల అడగొద్దుండె," అన్నాను.

"ఏమడిగినవ్? నాకు యాదే లేదు." చాయ్ పొంగు చూస్తూ అంది. "ఇయ్యాల ఇంట్ల పనున్నది. మళ్ల వస్త. అక్కకు జెప్పు."

ఇంకోసారి రమ్మన్నాను. "వస్త బిడ్డా, పో," అంది అదే గొంతుతో. ఇల్లు చేరేసరికి టిన్ను వేడెక్కిపోయింది. అమ్మ దాన్ని చేత్తో తడిమి చూసి, ఫ్రిజ్‌లో పెట్టమంది. సోమవారం బడిలో ఆ రెండో తరగతి పిల్ల పద్యం అప్పజెప్పుతుంటే నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

అమ్మకు కట్టు విప్పాక చిన్నమ్మ వచ్చింది. ఆ తర్వాత ఆదివారాలు తప్పడం లేదు. అమ్మ ఇంకా అంత దూరం నడవలేదు కాబట్టి పెద్ద టిన్ను నేనే తెస్తున్నాను, స్కార్ఫు లేకుండా. సిగ్గు పోయిందని కాదు. జాలీ దగ్గరికి వెళ్లేసరికి ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

కానీ నేను ఇంట్లో ఉన్నంతసేపు చిన్నమ్మ టిన్ను ముట్టుకోదు. "తర్వాత తాగుదాంలే అక్కా," అంటుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం కూరగాయలని చెప్పి సంచి పట్టుకుని బయటికి వచ్చేస్తాను. కొనాల్సింది లేకపోయినా గంటసేపు మార్కెట్లో తిరుగుతాను. తిరిగొచ్చేటప్పుడు సందులోకి మళ్లగానే ఇద్దరి నవ్వూ వినిపిస్తుంది, పాత మేస్త్రీలెవరో మళ్లీ తిట్లు తింటుంటారు. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తానో లేదో, అందులో ఒక నవ్వు ఆగిపోతుంది.