మత్రాలో రాగిణమ్మ అట్లు

మైదుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన సుబ్బలక్ష్మమ్మ అరబ్బు దేశపు రేవు పట్నం మత్రాలో ఫహద్ గారింట వంటకు కుదిరి పదకొండేళ్లయింది. భార్య పోయాక ఆ పాత మేడలో ఆయనొక్కడే. ఇళ్లల్లో పనిచేసేవాళ్లందరి లాగే ఆమె కూడా యజమానిని బాబా అని పిలిచేది. ఇద్దరి మాటలూ సగం హిందీ, సగం అరబ్బీ.

ఆ వేసవిలో ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది గానీ నోరు చవి చచ్చిపోయింది. ఏం పెట్టినా పళ్లెం పక్కకు జరిపేవాడు. ఒకనాడు కిటికీలోంచి రేవును చూస్తూ, చిన్నప్పుడు అమ్మ పోసిన అట్లయితే తినగలనేమో అన్నాడు. నార్వే నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి వర్తకుణ్ణి పెళ్లాడి, ఇక్కడే ఉండిపోయిన మనిషి ఆయన తల్లి. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు పోయింది.

అట్లు పోయడం సుబ్బలక్ష్మమ్మకు వెన్నతో పెట్టిన విద్య. మైదా, పాలు, గుడ్లు, వెన్న, చిటికెడు ఉప్పు అని ఆయన గుర్తు చేసుకుని చెప్పగానే కలిపి పోసేసింది. అట్టు తోలులా సాగింది. ఆయన ఓ ముక్క తుంచి, ఇది కాదన్నాడు. మర్నాడు పాలు ఎక్కువ పోస్తే పెనానికి అంటుకుని చిరిగింది. మూడోనాడు గుడ్లు పెంచితే ఆమ్లెట్ అయి కూర్చుంది.

నాలుగోనాడు మధ్యాహ్నం. ఎండకు రేవంతా తెల్లగా మసకబారి, పడవలు నీళ్ల మీద కాక గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఆమె ఆయన కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది.

"రుచి సంగతి ఉండనీ బాబా. పిండి కలిపినంక మీ యమ్మ ఏం జేసేది?"

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"గిన్నె మీద గుడ్డ కప్పేది. నన్ను ఒళ్లో వేసుకుని వాళ్ల ఊరి మంచు గురించి చెప్పేది. నాకు నిద్ర పట్టేసేది. లేచేసరికి ఇల్లంతా వెన్న వాసన."

సుబ్బలక్ష్మమ్మ చప్పున లేచింది. పులిసే పిండి కాదు గదా అని నాననివ్వలేదు తను. ఈసారి ఉండలు కట్టకుండా మైదాను కొద్దిగా పాలతో కలిపి, మిగతా పాలు పోసి, గుడ్లు గిలక్కొట్టి వేసి, గుడ్డ కప్పింది. వచ్చి కూర్చుని, ఆ మంచు ఎట్లుంటుందో తనకూ చెప్పమంది.

ఆయన చెబుతుంటే ఆమె రెప్పలు బరువెక్కాయి. కలలో తన పల్లె పసుపు చేల మీద చప్పుడు లేకుండా మంచు రాలుతోంది. గేదెల వీపుల మీద, రచ్చబండ మీద, ఎప్పుడో పోయిన తన తల్లి కొప్పు మీద. తల్లి తల దులుపుకోకుండా నిలబడి నవ్వుతోంది.

తెలివొచ్చేసరికి అరగంట దాటింది. పిండి కాస్త చిక్కబడింది. కరిగించిన వెన్న కొంచెం అందులో కలిపి, పెనం మీద ఇంకాస్త వేసి, గరిటెతో పిండి పోసి, పెనాన్నే చేత్తో తిప్పింది. పల్చగా పరుచుకుని అంచులు ఎర్రబడ్డాయి. చక్కెర చల్లి, చాప చుట్టినట్టు చుట్టి పళ్లెంలో పెట్టింది.

ఆయన మొదటిది తిన్నాడు, రెండోది తిన్నాడు, మూడోదానికి పళ్లెం చాచాడు. అప్పుడు చెప్పాడు తల్లి పేరు, రాగ్న్‌హిల్డ్ అని. ఎన్నిసార్లు చెప్పించినా ఆమెకు నోరు తిరగలేదు.

"మాకు రాగిణమ్మ అంటే సాలు బాబా."

ఆయన నవ్వాడు. జ్వరం తగ్గాక అదే మొదటిసారి. అప్పటినుంచి శుక్రవారం రాగానే, రాగిణమ్మ అట్లకు పిండి నానబెట్టనా అని ఆమె అడుగుతుంది.