మేడ మీది టాకీస్

గిర్మాజిపేటలో అనసూయమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. కూరగాయల బండివాడు ఆమె ఇంటి మలుపు తిరక్కముందే పుచ్చు వంకాయల్ని గంప అడుక్కి తోసేసేవాడు. కానీ ఎవరింట్లో మనిషి పోయినా అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది ఆమే. ఆమె గొంతెత్తి శోకం పెడితే, పోయినవాడు ఎవరి పిల్లకు సంబంధం కుదిర్చాడో, ఎవరికి ఆకలివేళ అన్నం పెట్టాడో వరుసబెట్టి చెప్పి ఏడిస్తే, ఆ మనిషితో ఏళ్ళ తరబడి మాటల్లేని పాలివాళ్ళు కూడా కండువాలతో కళ్ళొత్తుకునేవాళ్ళు. అట్లాంటి అనసూయమ్మ తన భర్త పోయినప్పుడు ఒక్క బొట్టు కన్నీరు రాల్చలేదు. రెండేళ్ళు దాటినా రాల్చలేదు. వీధి ఊరుకుంటుందా? గుండె బండరాయి అన్నారు కొందరు. అనగూడనివి అన్నారు ఇంకొందరు. వాళ్ళ నోళ్ళు పడిపోను, ఎందుకు ఏడవలేదమ్మా అని ఒక్కరైనా వచ్చి అడిగి ఉంటే బాగుండేది.

ఆమె భర్త పాండురంగానికి బట్టల బజారు వెనక సందులో స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళిళ్ళ కాలంలో బిందెల మీద, కంచాల మీద పేర్లు చెక్కుతూ పొద్దంతా మిషన్ రొదలో కూర్చునేవాడు. మెత్తని మనిషి. ఉన్న పిచ్చి ఒక్కటే, సినిమా. కొత్త బొమ్మ పడిందంటే మధ్యాహ్నమే షట్టరు సగం దించి మాయమయ్యేవాడు. అనసూయమ్మదేమో డోర్నకల్. స్టేషన్ ఎదుటి ఇంట్లో పుట్టి రైళ్ళ మోతలో పెరిగినందుకో ఏమో, ఎంత చప్పుడైనా ఆమె నిద్రకు అడ్డం కాదు. పెళ్ళయిన కొత్తలో టాకీస్‌కు తీసుకెళ్తే, తెర మీద పేర్లు పడుతుండగానే ఆయన భుజం మీద తల వాల్చేది. ఫైటింగులు, ఈలలు, కాగితాలు చింపి ఎగరేయడాలు, ఏవీ ఆమెను లేపలేకపోయేవి. ఆట విడిచాక ఇంటికి వచ్చే రిక్షాలో ఆయన కథంతా మొదటి నుంచి చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఆమె చూసిన సినిమాలన్నీ ఆయన నోట విన్నవే.

మోకాళ్ళు పట్టేసి ఆమె టాకీస్ మెట్లెక్కడం మానేశాక పాండురంగానికి సినిమా చప్పబడింది. అప్పుడే మేడ మీద చిన్న గది లేపాడు. ఇంట్లోనే టాకీస్ పెడతానన్నాడు.

"మోకాళ్ళ నొప్పుల మనిషికి మేడ మీద టాకీసా? మతిగిట్ల పోయిందా ఏందయ్యా?" అంది అనసూయమ్మ.

"నిమ్మళంగ ఎక్కుదువుతియ్యి, చెయ్యి పట్టుకుంట. వెనుకకు వాలే సోఫా ఏపిస్త. నువ్వు కాళ్ళు జాపుకోని పండుకో, నేను పక్కన కూసోని చూస్త."

"పండుకోనీకి ఇంట్ల మంచం లేదా?"

"మంచం మీద పండుకుంటె కత ఎవ్వలకు చెప్పాలె నేను?"

ఆ గదిలో కిటికీలు, తలుపు పోగా మిగిలిన నిండు గోడ దక్షిణం వైపుది ఒక్కటే. అది సినిమా గోడ అని పాండురంగం తీర్మానించాడు. దానికి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. కొట్టువాళ్ళు పంచిన క్యాలెండరు తగిలించబోతే కొడుకు చైతన్య మీద, ఎన్నడూ లేనిది, గయ్యిమన్నాడు. ప్రొజెక్టరు హైదరాబాద్ నుంచి తెప్పించాడు. డబ్బా విప్పి ఇంకా బిగించకముందే ఆ పాడు ఎండాకాలం వచ్చింది. వాడవాడనా జ్వరాలు, అంబులెన్సుల కూతలు.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి సోకింది. ఆమె కింది గదిలో తలుపేసుకుని పడుకుంది. ఆయనకు ఊపిరి ఆడక దవాఖానకు తీసుకుపోయారు. తన కాళ్ళతో తనే నడిచి అంబులెన్సు ఎక్కాడు. ఎక్కే ముందు కిటికీ వైపు తిరిగి, మూతిగుడ్డ వెనక నుంచి, "ఆ డబ్బా మీద తడి చెంబులు పెట్టకుండ్రి" అని కేకేశాడు. అంతే, మళ్ళీ ఆ గొంతు వినలేదు. కొన్నాళ్ళకు చైతన్య ఒక్కడే ఇంటికొచ్చి కింది గది తలుపు బయట నిలబడ్డాడు.

"మొహం చూసినవా?" అని లోపల నుంచి అడిగింది ఆమె.

"చూసినమ్మా."

ఆ వాడకట్టంతా తలుపులు బిగించుకుంది. పక్కింటి లక్ష్మీనర్సమ్మ, అనసూయమ్మతో ఒక్క పూట మాట్లాడకపోతే అన్నం సహించని మనిషి, టిఫిను గేటుకు తగిలించి వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. తప్పు పట్టడానికి లేదు, ఆమె ఇంట్లోనూ చిన్నపిల్లలున్నారు. కానీ శోకం పెట్టాలంటే ఎదుట మనిషి ఉండాలి. మీద పడి ఏడిస్తే పట్టుకుని లేపడానికి ఇంకో ఆడది ఉండాలి. గోడలకు చెప్పుకుని ఎవరేడుస్తారు? అనసూయమ్మ జ్వరంలో గోడ వైపు తిరిగి పడుకుంది. అక్కడితోనే కన్నీళ్ళు గడ్డకట్టాయి.

దినాలయ్యాయి. ఫొటో పెద్దది చేయించారు, ఆయన కొట్టులో నవ్వుతూ కూర్చున్నప్పటిది. వాళ్ళింట్లో పోయినవాళ్ళ ఫొటోలు దక్షిణపు గోడకే పెట్టడం ఆనవాయితీ. కింద ఆ వైపంతా అల్మారాలు, తలుపులు. వెతికి వెతికి మేడ మీది గదిలోకే తీసుకెళ్ళారు. బతికుండగా మేకు కొట్టనివ్వని గోడకు పడిన మొదటి మేకు ఆయన ఫొటోకే. ఈ మాట తలుచుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

ఏడాది మాసికం నాడు చైతన్య నోరు జారాడు. ఎవరో చుట్టం దవాఖాన సంగతి ఎత్తితే, "మాకు మొహమే చూపియ్యలే, మొత్తం చుట్టేసి ఉండె. పేరు చదివిండ్రు, నేను అవునన్న" అన్నాడు. వడ్డిస్తున్న అనసూయమ్మ విన్నది. చుట్టాలందరూ వెళ్ళాక కొడుకును నిలదీసింది.

"చూడకుంటనే ఎట్ల అవునంటివిరా?"

"అందరు గట్లనే అంటాన్రమ్మా. నా ఎనుక ఇంక శానమంది ఉన్నరు."

"ఎవ్వలకు అగ్గి పెట్టినవో ఏమో కొడుకా!"

ఆమెకు మతి తప్పలేదు. ఆయన రాడని తెలుసు. తెలియడం వేరు, నమ్మడం వేరు. చూడని చావును ఎట్లా నమ్మాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే మెట్ల కడ్డీ పట్టుకుని మేడెక్కి, కొంగుతో ఫొటో అద్దం తుడిచి, "ఇగో, కొట్టుకు కొత్త బిందెలొచ్చినయి" అని చెప్పి దిగేది. చైతన్య ఆ రోజు నుంచి తల్లి కళ్ళలోకి చూసి మాట్లాడటం మానేశాడు. తన తండ్రిది కాని శవానికి కొడుకునయ్యానేమోనన్న భయం వాడిని లోపల లోపల తినేస్తోంది.

మొన్న శ్రావణంలో ప్రొజెక్టరు డబ్బా బయటికి తీసింది వాడే. బాపు ముచ్చటపడి కొన్నది మూలకు పడి పాడైపోతుందన్నాడు. అనసూయమ్మ సరేనంది కానీ ఒక మాట మీద పట్టుబట్టింది.

"ఫొటో కదలొద్దు. ఆయన కట్టుకున్న రూంలకెళ్లి ఆయననే ఎల్లగొడ్తరా?"

చైతన్య హన్మకొండ నుంచి శేఖర్‌ను పిలిపించాడు. ఇళ్ళల్లో ఇట్లాంటి టాకీసులు బిగించడమే శేఖర్ పని. నడుముకు తగిలించుకున్న సంచీ నిండా స్క్రూలు, నోట్లో పెన్సిలు. గోడ చూశాడు, ఫొటో చూశాడు, తల గోక్కున్నాడు.

"ఫికర్ వద్దమ్మా. మోటరు తెర ఏద్దాం. గోడకు జానెడు ముందల సీలింగుకు పొడుగు డబ్బా బిగిస్త. రిమోట్ ఒత్తితె తెర దిగుతది, సినిమా అయినంక మీదికి పోతది. సార్ ఫొటో ఉన్న కాడనే ఉంటది."

ముగ్గురికీ నచ్చింది. ఇంత చక్కటి ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదే అనుకున్నారు. ఆ ఉపాయంలో ఏముందో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున మొదలుపెట్టారు. కప్పుకు చిల్లులు పొడుస్తుంటే తెల్లటి దుమ్ము గదంతా లేచింది. అనసూయమ్మ తడిగుడ్డ పట్టుకుని ఫొటో దగ్గరే నిలబడి, దుమ్ము పడ్డప్పుడల్లా తుడిచింది, పడ్డప్పుడల్లా శేఖర్‌ను తిట్టింది. ప్రొజెక్టరును తలకిందులుగా కప్పుకు వేలాడదీశారు. తీగ బయటికి కనబడకుండా గోడలోని పైపు గుండా లాగారు. తెర డబ్బాను ఇద్దరూ చెరో వైపు ఎత్తి పట్టుకుని, వంకర లేకుండా నీటిమట్టం పెట్టి చూసి బిగించారు. అన్నాలు తిని, చాయ్ తాగి, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ మేడెక్కారు. అనసూయమ్మ చివరి వరుసలో కుర్చీ వేసుకుంది. చివరి వరుసంటే ఏముంది, ఉన్నదే ఒక వరుస.

శేఖర్ కిటికీలు మూసి ప్రొజెక్టరు ఆన్ చేశాడు. తెల్లటి వెలుగు నలుచదరంగా గోడ మీద పడింది. ఫొటో అద్దం తళుక్కుమంది.

"ఇగ తెర దించుతాన్నమ్మా, సూడుండ్రి" అని రిమోట్ ఒత్తాడు.

సన్నటి రొదతో తెల్లటి గుడ్డ దిగడం మొదలైంది. నుదురు దాకా వచ్చింది. కళ్ళు కప్పింది. మీసాలు, నవ్వుతున్న పెదాలు, గడ్డం. తెల్లటి గుడ్డ కింద పాండురంగం మొహం లేకుండా పోయింది.

అనసూయమ్మ కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచింది. ఆ లేవడం చూశాక గానీ చైతన్యకు తాము చేసిన పని ఏమిటో తెలియలేదు.

"శేఖర్, బందు పెట్టు! ఊడదీసెయ్ అన్నా దాన్ని! అమ్మా, వద్దమ్మా, తీసేపిస్త, కిందికి పోదాం రా!"

"ఆగు" అంది అనసూయమ్మ.

తెర దగ్గరికి నడిచింది. గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. ఆ వెనక అద్దముందని, అద్దం వెనక కాగితం మాత్రమే ఉందని ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసే మెల్లగా నేల మీద కూలబడి, చావింట్లో శవం పక్కన కూర్చునేట్టు, కాళ్ళు ఒక పక్కకు ముడిచి కూర్చుంది.

"ఆ లైట్ బందు పెట్టుండ్రి. కిటికీలు తెరువుండ్రి" అంది. వెలుతురు వచ్చాక కొడుకును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "శేఖరూ, ఇప్పుడు తియ్యి బిడ్డా. జర నిమ్మళంగ తియ్యి."

తెర వేగం శేఖర్ చేతిలో లేదు. అయినా రిమోట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఒత్తాడు.

గుడ్డ లేచింది. ముందు చొక్కా జేబు, జేబులో పెన్ను. తర్వాత కాలరు. తర్వాత గడ్డం, దాని మీద చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ గాటు. నెరిసిన మీసాలు. ముక్కు పక్కన పుట్టుమచ్చ. కళ్ళద్దాలు. అద్దాల వెనక కళ్ళు. నుదురు. గుడ్డ డబ్బాలోకి పోయి టక్కున ఆగింది.

అనసూయమ్మ చాలాసేపు చూసింది. రెండేళ్ళుగా రోజూ తుడుస్తున్న మొహాన్ని ఆ రోజే చూసినట్టు చూసింది.

"అవు" అంది చివరికి. "ఆయనేరా. మీ బాపే. నువ్వు తప్పు చెప్పలే కొడుకా."

చైతన్య తల్లి ఒడిలో మొహం దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి, పిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి గోడ వైపే చూస్తూ ఉంది. ఇక ఆగలేదు. ఎక్కడి నుంచో, కడుపులోంచి వచ్చింది గొంతు.

"ఓ నాయినో! జరమొచ్చిన మనిషివి ఒక్కనివే పోతివి గదయ్యా! దూపైతే నీళ్ళు పోసినోళ్ళున్నరో లేరో! నా పేరు పెట్టి పిలిచినవో ఏమో, నేను పలుకకపోతినయ్యో!"

శేఖర్ రిమోట్‌ను కిటికీలో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు బయటికి పోయి మెట్ల మీద నిలబడ్డాడు. ఎవరింటికో పని మీద వచ్చిన మనిషి, అతనికీ కళ్ళు నిండాయి. ఆమె శోకం తెరిచిన కిటికీల్లోంచి వీధిలోకి పోయింది. పాండురంగం చెక్కిన పేర్లు, ఎత్తుకుని తిప్పిన పిల్లలు, తీర్చిన తగాదాలు, ఒక్కటి మరవకుండా ఎత్తుకుంది. వాడకట్టు మీద ఎందరికో ఏడ్చిన గొంతు అది. అందరూ గుర్తుపట్టారు.

ముందు లక్ష్మీనర్సమ్మ వచ్చింది. పిండి చేతులతోనే వచ్చింది. శేఖర్‌ను దాటుకుని గదిలోకి పోయి, అనసూయమ్మను గట్టిగా కావలించుకుని తానూ గొంతు కలిపింది. ఆమె వెనక ఎదురింటి కోడలు, మలుపింటి ముసలామె, ఇస్త్రీ బండి ఆమె. మెట్ల కింద చెప్పులు విడిచి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్కరే ఎక్కి వచ్చి ఆమె చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఎవరు పోయారని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.