వీధికి పడుగు అడ్డం పెట్టిన మనిషి

మా పెద్దనాయన పోయాడు. పోయిన వారం ఒక పొద్దున పెద్దమ్మ చాయ్ తీసుకుపోయి లేపబోతే లేవలేదు. నేను పక్కింట్లో నా బిడ్డకు బడి డబ్బా సర్దుతున్నాను. గోడ అవతల నుంచి పెద్దమ్మ కేక వినబడింది. అందులో మాటలేమీ లేవు, అయినా అర్థమైంది. చాలా రోజులుగా గుండె జబ్బుకు ఆయనను దవాఖానకు తిప్పుతూనే ఉన్నాం. డాక్టరు చెప్పవలసింది చెప్పే ఉన్నాడు. ఎంత ముందే తెలిసి ఏం లాభం, పోయిన పొద్దు పోయినట్టే ఉంటుంది. డబ్బా మూత చేతిలో అలాగే పట్టుకొని పరుగెత్తాను.

ఆయన గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను గానీ, చెప్పుకోదగ్గ పదవులేవీ ఆయనకు లేవు. గద్వాలలో చీరలు నేసిన మనిషి. మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను తన కొడుకులతో పాటు పెంచాడు, చదివించాడు, అదే వీధిలో సంబంధం చూసి పెళ్ళి చేశాడు. "దూరమిస్తే నాకు చాయ్ ఎవరు పోస్తరు?" అని పెళ్ళివాళ్ళ ముందే అన్నాడట. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. అది దిగాక పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. తిట్టు ఎంత పెద్దదైతే ముక్క అంత పెద్దది. మా వీధిలో పండ్లు పుచ్చిన పిల్లలందరూ ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏ ఊరు పోయినా ముందు నడిచే జాగా ఎంత ఉందో చూసేవాడు. వనపర్తిలో చుట్టాల పెళ్ళికి పోయి వస్తే, భోజనాలు ఎట్లా ఉన్నాయని పెద్దమ్మ అడిగింది. "అన్నం మంచిగుండె. అది అరగనీకె నడుద్దామంటేనే జాగ లేదు," అన్నాడు. నాగర్‌కర్నూలులో నా పరీక్షకు తోడు వచ్చినప్పుడు, బస్సు దిగిన దగ్గర నుంచి నన్ను గోడ వైపు ఉంచి, తాను రోడ్డు వైపు నడిచాడు. లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆయన భుజం నాకు తగిలేది. ఆ పరీక్షలో నేనేం రాశానో గుర్తు లేదు, ఆ భుజం గుర్తుంది.

గద్వాల చీర అనగానే మీకు జరీ అంచు గుర్తుకొస్తుందేమో. నాకు గంజి వాసన గుర్తుకొస్తుంది. చీరలో పొడుగునా పోయే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు నూలు పడుగును వీధి పొడుగునా సాచి, నడుమెత్తు వెదురు కర్రల మీద నిలిపి, బియ్యపు గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వేవారు. నా చిన్నతనంలో పొద్దున వేళ మా వీధి నడిమి భాగమంతా పడుగులదే. మనుషులు ఇటూ అటూ గోడల వెంట నడిచేవారు. పడుగును దాటడం తప్పు, తెంపడం మహాపాపం. వీధి మొదట్లో పడుగు కనబడితే స్కూటర్ మీద వచ్చిన షావుకారైనా బండి అక్కడే వదిలి నడిచి రావలసిందే. పిల్లలం గోడల వెంట ఆడుకుంటూ బడికి పోయేవాళ్ళం. ఏ తల్లీ వీధి చివరిదాకా వచ్చి సాగనంపేది కాదు. భద్రమైన బాట అనే మాట మాకు తెలియదు, దాని మీద నడుస్తూ ఉండేవాళ్ళం.

తర్వాత పడుగులు బయట తయారై, చుట్టలుగా రావడం మొదలైంది. వీధిలో గంజి పెట్టే పని తప్పిపోయింది. మగ్గాలూ తగ్గాయి. ఖాళీగా ఉన్న వీధిని ఊరు వదులుతుందా? బస్టాండు దిక్కు నుంచి కొత్త కాలనీలకు పోయేవాళ్ళకు మా వీధి అడ్డదారి అయింది. మోటార్ సైకిళ్ళు, ఆటోలు, నీళ్ళ ట్యాంకర్లు అన్నీ అటే. రెండు వైపులా మురికి కాలువల మీద కొన్నిచోట్ల బండలున్నాయి, కొన్నిచోట్ల లేవు. బండ ఉన్నచోట ఎవరో ఒకరి బండి నిలబెట్టి ఉంటుంది. నడిచేవాళ్ళు ఎక్కడ నడవాలో ఎవరూ ఆలోచించలేదు.

నా బిడ్డ ఆరో తరగతికి వచ్చినప్పుడు సైకిల్ కావాలని పేచీ పెట్టింది. పెద్దనాయనే తెచ్చి ఇచ్చాడు. నేర్పిందీ ఆయనే. పంచె ఎగ్గట్టి, వెనక సీటు పట్టుకొని ఉరికేవాడు. సైకిల్ మీద బడికి బయలుదేరిన మొదటి రోజే, అది గడప దాటగానే ఒక ఆటో దాని మోచేతి పక్కనుంచి దూసుకుపోయింది. తగల్లేదు. అయినా బిడ్డ సైకిల్ కింద పడేసి ఏడుస్తూ లోపలికి వచ్చింది. పెద్దనాయన ఆటో వెనక తిట్టుకుంటూ కొంత దూరం పోయి, రొప్పుతూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ఎవరికీ బెల్లం పెట్టలేదు.

మరునాడు బడి వేళకు ముందే వీధిలో వెదురు కర్రలు లేచాయి. అటక మీద ఎప్పటిదో పాత నూలు పడుగు ఉంటే దించి, సాచి, గంజి పట్టిస్తున్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గ నొక్కుకుంది.

"ఏ చీర నేస్తవయ్యా దీంతోని? ఎలుకలు కొట్టిన నూలు గదా!"

"చీరకు గాదే. పోరగాండ్లకు."

"మరి గంజి ఎందుకు? ఉత్తగ కట్టరాదా? బియ్యం దండుగ."

"ఉత్తగ కడితే బాటకు అడ్డం పెట్టిండంటరు. గంజి పెడితే పని చేస్తుండంటరు. పని చేసేటోన్ని ఎవ్వడు ఆపడు," అన్నాడు పెద్దనాయన.

నిజంగానే ఎవరూ ఆపలేదు. బండ్లవాళ్ళు మలుపులో ఆగి, "ఇంక ఎంతసేపు పెద్దమనిషీ?" అని అడిగేవారు. "ఆరాలె గద నాయనా," అనేవాడు. ఎంత ఎండ కాసినా బడి గంట కొట్టేదాకా అది ఆరేది కాదు. పిల్లలు గోడల వెంట నడుస్తూ, సైకిళ్ళ మీద ఊగుతూ పోయేవారు. చివరి పిల్ల మలుపు తిరగగానే కర్రలు పీకేవాడు. నాలుగు పోగులు తెగితే కూర్చుని ముడులు వేసేవాడు. నేను జాలిపడితే, "పోగు తెగితే ముడేస్తం. కాలు తెగితే ముడేస్తమా?" అని నన్నే ఎదురడిగేవాడు. వీధిలో ఆయనను చూసి నవ్వనివాళ్ళు లేరు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. అన్నవాళ్ళ పిల్లలూ ఆ పడుగు పక్కనుంచే బడికి పోయారు.

పడుగును చూసి కూడా ఎవరైనా దూరుతారని ఆయన కలలో కూడా అనుకోలేదు. మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళం ఎవరమూ అనుకోలేం. ఊరు పెరిగిందనీ, పడుగంటే ఏమిటో తెలియనివాళ్ళు అందులో చాలామంది ఉన్నారనీ మాకు తట్టలేదు. ఒకరోజు ఇంటింటికీ సామాన్లు చేరవేసే యువకుడు వీపున పెద్ద సంచితో మోటార్ సైకిల్ మీద వచ్చి, ఆగకుండా పడుగుకూ గోడకూ మధ్యనుంచి పోబోయాడు. హ్యాండిల్ పోగుల్లో చిక్కింది. కర్రలు వరసగా కూలాయి. బండి పడింది, అతని చేయి విరిగింది. ఆ సమయంలో పక్కన పిల్లలెవరూ లేరు.

పెద్దనాయనే అతన్ని ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. తల్లి వడ్డేపల్లి నుంచి వచ్చేదాకా మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె వస్తూనే, "రోడ్డుకు తాళ్ళు గట్టి నా కొడుకును పడగొట్టినవా?" అని నిలదీసింది. ఆయన తల దించుకున్నాడు. అది తాడు కాదని కూడా అనలేదు. ఇంటికి వచ్చి, తెగిన పోగులన్నీ ఏరి, కర్రలతో కలిపి కట్ట కట్టి అటక ఎక్కించాడు. "ఎవ్వరు పడొద్దని పెడితిమి. అదే ఒకన్ని పడేసె," అన్నాడు నాతో. మళ్ళీ ఎన్నడూ దాన్ని దించలేదు.

నేను ఒక ఆఫీసులో ఊరి రోడ్ల పటాలు గీసే పని చేస్తాను. తర్వాతి ఏడాది, ఊళ్ళో నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వేరుగా బాటలు వేయాలనే ఆలోచన వచ్చింది. కొలతలు తీశారు. నేను కంప్యూటర్‌లో గీశాను. నడిచే బాటకు పచ్చ గీత, సైకిల్ బాటకు నీలం గీత. బడులన్నిటినీ కలుపుతూ పోతే మా వీధి కూడా దానంతట అదే అందులోకి వచ్చింది. బడి వేళల్లో బండ్లు రాకూడని వీధి అని దాని మీద రాశాం. ఆ కాగితం ఒకటి ఇంటికి తెచ్చి పెద్దనాయనకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకొని, మన ఇల్లు ఎక్కడని అడిగి, దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"గీ పచ్చది మన గడప ముందటికేనా?"

"అవ్ పెద్దనాయనా."

"ఇంక పడుగు అక్కెర లేదన్నట్టు."

"ఇది ఇంక కాయితమే. పైన ఒప్పుకోవాలె."

"నువ్వు గీసినవ్ గద బిడ్డా. ఒప్పుకోక ఏం జేస్తరు?"

అప్పటికప్పుడు చెప్పులు వేసుకొని వీధిలో ఇంటింటికీ చెప్పి వచ్చాడు. మా బిడ్డ గీసింది, బాట వస్తది అని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దమ్మ వెక్కిరించింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. భయం వేసింది.

బాటలు కొన్ని వచ్చాయి కూడా. పెద్ద రోడ్డు పక్కన కొంత దూరం ఎర్ర టైల్స్ పరిచారు. టైల్స్ మధ్యలో కరెంటు స్తంభాలు నిలబడ్డాయి, స్తంభాల మధ్య బజ్జీల బండ్లు నిలబడ్డాయి. బజ్జీలవాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? ఇక బస్టాండు రోడ్డు మీద రద్దీ తగ్గాలంటే ఇంకో దారి తెరవక తప్పదని అందరూ అన్నారు. దగ్గరలో ఉన్న దారి మా వీధి. గీతలు మారాయి, మార్చింది నా చేతులే. మార్చమన్నవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. వ్యాపారులకు వాళ్ళ బాధ, ఆటోవాళ్ళకు వాళ్ళ బాధ, ఎవరు చెప్పింది విన్నా న్యాయంగానే ఉంది. మీటింగులో లేచి మా వీధి పిల్లల సంగతి నేను ఒకసారి ఎత్తాను. "కాలువ బండల మీద నుంచి నడిచి పోతరు లేమ్మా," అన్నారు. నేను కూర్చున్నాను.

ఆ సాయంత్రమే పెద్దనాయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన తిట్టలేదు. "నువ్వేం జేస్తవ్ బిడ్డా. నీ చేతుల పెన్సిల్ ఉన్నది, రోడ్డు లేదు," అన్నాడు. తర్వాత పెద్దమ్మను పిలిచి నాకు చాయ్ పెట్టమన్నాడు. ఆ చాయ్ తాగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటి నుంచి బడి వేళకు గడప ముందు కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. బండి వస్తుంటే తువ్వాల ఊపి, "జర మెల్లగ పో నాయనా," అనేవాడు. కొందరు మెల్లగా పోయేవారు. కొందరికి చెవుల్లో పాటలు. ఒకసారి ఆఫీసుకు ఆలస్యమై స్కూటీ మీద పోతున్న నన్నూ ఆపాడు. "నువ్వు గీసినదాని మీద నువ్వే గిట్ల ఉరుకుతవా?" అని నవ్వాడు. గుండె జబ్బు ముదిరాక ఎండలో కూర్చోవద్దన్నారు. కుర్చీ గడప లోపలికి వచ్చింది. కొన్నాళ్ళు లోపలి నుంచి గొంతు వినబడేది, తర్వాత అదీ బండ్ల చప్పుడులో కలిసిపోయింది.

మా ఆయన బిడ్డను మోటార్ సైకిల్ మీద బడిలో దింపడం మొదలుపెట్టాడు. బండ్లకు భయపడి మేమూ వీధిలో ఒక బండి పెంచాం. మిగతా ఇళ్ళవాళ్ళూ అదే చేశారు. పెద్దనాయన దానికి మమ్మల్ని ఏమీ అనలేదు. "దింపి రా నాయనా, పైలం," అనేవాడు. అది మాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలేది. సైకిల్ ఆయన ఇంటి వసారాలో ఉండిపోయింది.

ఆయన పోయిన రోజు మావాళ్ళు వీధికి అడ్డంగా షామియానా వేశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టి, కింద కుర్చీలు వేశారు. ఎవరినీ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచదు కూడా. మన దగ్గర చావింటి ముందు నుంచి బండి పోదు. వచ్చినవాళ్ళు మలుపులో ఆగి, షామియానా చూసి, ఇంజన్ ఆపి, బండి నెట్టుకుంటూ వెనక్కి తిప్పుకొని పోయారు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఎన్ని పటాలు గీసినా కానిది అట్లా అయిపోయింది. మూడో రోజు పనులు అయ్యేదాకా షామియానా ఉంచారు.

రెండో రోజు సాయంత్రం పిల్లలు ఒక్కొక్కరుగా బయటికి వచ్చారు. కాసేపు ఊరికే నిలబడి వీధిని చూశారు. ఎవరో సైకిల్ తెచ్చారు. నా బిడ్డ నా ముఖం చూసింది. నేనేమీ అనకపోయేసరికి లోపలికి పోయి, తన సైకిల్‌కు గాలి కొట్టుకొని వచ్చింది. కుర్చీల పక్కనుంచి, షామియానా కిందనుంచి, వీధి నట్టనడుమ అందరూ తిరగసాగారు. చుట్టాల్లో ఒకాయన లేచి, "చావింటి ముందల ఆటలేందిరా!" అని గద్దించాడు. పిల్లలు ఆగిపోయారు. పెద్దమ్మ గోడకు ఒరిగి కూర్చుని ఉంది.

"తొక్కనియ్యున్రి," అంది. "మళ్ళ ఎవరన్న సచ్చేదాంక దొరకదు గిది."

పిల్లలు చీకటి పడేదాకా తొక్కారు.

మూడో రోజు మధ్యాహ్నం షామియానావాళ్ళు వచ్చి తాళ్ళు విప్పారు. గుడ్డ మడవడం ఇంకా పూర్తి కాలేదు, పిల్లలు ఇంకా సైకిళ్ళు తొక్కుతూనే ఉన్నారు. ఒక మోటార్ సైకిల్ వచ్చి మలుపులో నిలబడింది. అతను కాలు కింద పెట్టి, ఇంజన్ ఆపకుండా, మర్యాదగానే అడిగాడు.

"అయిపోయిందా అక్కా? పోవచ్చా?"

నేను పిల్లలను సైకిళ్ళు దిగమన్నాను.

"పో తమ్మీ," అన్నాను.

అతను పోయాడు. అతని వెనక ఇంకో రెండు బండ్లు వచ్చాయి, వాటి వెనక ఒక ఆటో.