కార్డు దొరికేదాకా

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నెల్లూరు వైపు కోస్తాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నేను కార్డుల గుమాస్తాగా పనిచేశాను. రోగి నా కిటికీ దగ్గరికొచ్చి పేరూ ఊరూ చెబితే, వెనకున్న చెక్క సొరుగుల్లోంచి పాత కార్డు వెతికి డాక్టరమ్మ గదికి పంపాలి. కొత్తవాళ్లయితే కొత్త కార్డు రాయాలి. నాది చురుకైన చెయ్యి. ఆసుపత్రి మొత్తం మీద నా అంత వేగం ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం.

అయినా పొద్దున ఆరింటికి వచ్చినవాళ్లు మందు సీసా పట్టుకుని బయటపడేసరికి మధ్యాహ్నం మూడయ్యేది. కొందరికి వరండాలో కూర్చునుండగానే జ్వరం తగ్గిపోయేది. ఎలాగూ వచ్చాం కదా అని పంటినొప్పి చూపించుకుని వెళ్లేవారు.

తప్పెవరిదో మాకందరికీ తెలుసు. డాక్టరమ్మ ప్రతివాళ్లతోనూ ఇంటి కబుర్లు మాట్లాడుతుందని కాంపౌండరు గారు అనేవారు. మందుల కిటికీ ఇరుకని డాక్టరమ్మ అనేది. ఇద్దరి మాటా నిజమేనని నేననుకునేదాన్ని. ముందు వడ్రంగిని పిలిచి మందుల కిటికీ వెడల్పు చేయించారు. జనం తగ్గలేదు. కాంపౌండరు గారు మాత్రం గాలి బాగా తగులుతుంటే ఆ కిటికీలో మోచేతులానించి పేపరు చదువుకునేవారు. తర్వాత నెల్లూరు నుంచి ఇంకో డాక్టరును రప్పించారు. ఇద్దరు డాక్టర్లూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగారు.

దాంతో డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. ఒకరోజు తెల్లకోటు విప్పేసి, తలమీద కొంగు కప్పుకుని, కాగితం, పెన్సిలు తీసుకుని వరండాలో ఒక ముసలమ్మ పక్కన కూర్చుంది. ముసలమ్మ ఆమెను గుర్తుపట్టలేదు.

"నీకేందిమే జబ్బు?"

"ఏం లేదవ్వా, టైము చూస్తా ఉండా."

"ఈడ టైము చూడబాకమ్మా. దినాలు చూసుకో."

ముసలమ్మ ఎక్కడికి వెళితే అక్కడికి వెంట తిరిగి డాక్టరమ్మ అంతా రాసుకుంది. సాయంత్రం నన్ను పిలిచింది.

"డాక్టరు కాడ ఎనిమిది నిమిషాలు. మందుల కాడ మూడు. నీ కిటికీ కాడ ఎనిమిదిన్నర గంటలు."

నాకు ఏడుపొచ్చింది. "నేనేమన్నా ఊరికే కూచున్నానా అమ్మా? నీళ్లు తాగను కూడా లేవలా!"

"నువ్వు కూచున్నావని ఎవురన్నారు? పొద్దస్తమానం ఎతకతానే ఉండావు. అంతసేపు ఎందుకు ఎతకతా ఉండావో చూద్దాం రా."

మర్నాడు నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి సంగతి తేలింది. కార్డులన్నీ పేర్ల వరసలో ఉండేవి. మా వైపు క్రైస్తవ సంఘాల్లో ఆడపిల్లలకి పెట్టే పేర్లు అన్నీ కలిపి నాలుగో ఐదో. ఒక్క పేరుకే ఒక సొరుగు నిండిపోయింది. పైగా ఒకే మనిషి ఈసారి బాప్తిస్మం పేరు చెబితే, వచ్చేసారి ఇంట్లో పిలిచే పేరు చెప్పేది. కార్డు దొరక్క, వెనక జనం అరుస్తుంటే, నేను చకచకా కొత్త కార్డు రాసి సొరుగులో పడేసేదాన్ని. నా చెయ్యి ఎంత చురుకైతే సొరుగు అంత తొందరగా నిండేది.

వరండాలోని ఆ ముసలమ్మకే ఏడు కార్డులు దొరికాయి. ఒకదాంట్లో వయసు అరవై, ఇంకోదాంట్లో నలభై. ఒకదాంట్లో ఏకంగా మగ. డాక్టరమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడింటిలోనూ ఉన్నది నా చేతిరాతే.

ఆ తర్వాత మనిషికో నంబరు ఇచ్చి, అది చెక్కిన రేకు బిళ్లలు పంచాం. కార్డుల్ని నంబర్ల వరసలో పేర్చడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. జనం ఆ బిళ్లను నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకున్నారు. అది కట్టాక పిల్లకు జ్వరం రాలేదనీ, మనవడికీ ఒకటిమ్మనీ ఒకావిడ నా ప్రాణం తీసింది. కొడవలూరు రైతొకాయన పొరపాటున తన భార్య బిళ్ల పట్టుకొచ్చాడు. డాక్టరమ్మ కార్డు మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్నో నెల?"

"రెండోది నడస్తా ఉందమ్మా."

"వాంతులా?"

"లేదు తల్లీ, దగ్గు."

అప్పుడు తలెత్తి ఆయన మీసాలు చూసింది.

నా కిటికీ దగ్గర జనం పలచబడ్డారు. పలచబడి ఎక్కడికీ పోలేదు, నేరుగా వెళ్లి మందుల కిటికీ ముందు నిలబడ్డారు. కాంపౌండరు గారు చెమటలు కక్కుతూ నా గదికొచ్చారు. "ఏందమ్మాయ్, మనుషుల్ని పంపిస్తా ఉండావా, గొర్రెల్ని తోలతా ఉండావా?"

దగ్గుమందు, జ్వరంమందు పొద్దున్నే పెద్ద జాడీల్లో కలిపి ఉంచమంది డాక్టరమ్మ. ఆయన నెలరోజులు గొణిగి, కలపడం మొదలుపెట్టారు. ఆపైన ఒంటిగంటకల్లా వరండా ఖాళీ. ఆ వేళకి ఊళ్లోకొచ్చే ఒకే ఒక్క బస్సు కండక్టరు మాత్రం మా ఆసుపత్రి పేరెత్తితే చాలు తిట్టేవాడు. అందరూ ఒక్కసారే వచ్చి పడేసరికి సగంమందిని టాపు మీద ఎక్కించాల్సి వచ్చేదట.