షీటులో రెండో ముక్క

ఫుట్‌బాల్ క్లబ్బులో మా పెద్దనాన్నను అందరూ చాదస్తం మావయ్య అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆటగాళ్లకు మాలిష్ చేస్తున్నాడు. పక్క గదిలో జెర్సీలు ఉతికేది నేను. డాక్టరు చెప్పిన మాత్రలు పంచేదీ పెద్దనాన్నే. మాత్ర ఇచ్చిన ప్రతిసారీ, మాత్రల షీటు మీద ఖాళీ అయిన గుంట పక్కన ఆ ఆటగాడి జెర్సీ నంబరు, తేదీ పెన్నుతో రాస్తాడు. అయిపోయిన షీట్లు కూడా పారేయడు, బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు. "మావయ్యా, వాటిని పెళ్లి ఆల్బంలో అంటించుకో" అని ఆటగాళ్లు ఏడిపించేవాళ్లు.

పోయిన సీజన్ చివర్లో కెప్టెన్‌కీ, రెండో గోల్‌కీపర్‌కీ ఒకేసారి జలుబు చేసింది. డాక్టర్ని అడిగి, పెద్దనాన్న ఒకే షీటులోంచి చెరొక మాత్ర ఇచ్చాడు. ఆట అయ్యాక డోపింగ్ పరీక్షవాళ్లు ఆ ఇద్దరి మూత్రమే పట్టుకెళ్లారు. ఇద్దరిలోనూ ఒకే నిషేధిత మందు తేలింది. అది ఆ మాత్రలో ఉందని డాక్టరు చూసుకోలేదు.

ముందు కెప్టెన్ విచారణ. క్లబ్బు లాయరు వచ్చి, షీటులో కెప్టెన్ నంబరున్న ముక్క కత్తిరించుకు వెళ్లాడు. మందు పేరు అచ్చయింది ఆ ముక్క మీదే. తెలియక వేసుకున్నాడు పాపం అని కెప్టెన్‌కు నెల రోజుల నిషేధంతో సరిపెట్టారు. అదీ ఆటల్లేని నెల.

గోల్‌కీపర్‌కు ముప్ఫై మూడేళ్లు. ఆరేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి గోల్‌కీపర్ రిటైరవడంతో ఈ సీజన్ అతనిదే. అతనికి వేసింది రెండేళ్లు. ఆ వయసులో రెండేళ్లంటే ఇక ఇంటికి పొమ్మనడమే. అతని కోసం ఏ లాయరూ రాలేదు. పెద్దనాన్నే మిగిలిన ముక్క పట్టుకుని డోపింగ్ విచారణ ఆఫీసుకు బస్సెక్కాడు, తోడుగా నేను.

అక్కడి అధికారి ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద మందు పేరు లేదే."

"పేరున్న ముక్క మీ దగ్గరే ఉంది బాబూ, కెప్టెన్ ఫైల్లో. రెండూ పక్కపక్కన పెడితే అంచులు కలుస్తాయి."

"ఆయన సంతకం లేకుండా ఆయన ఫైలు తెరవం."

"మాత్ర ఇచ్చింది నేను. శిక్ష నాకెయ్యండి."

"మీరు ఆటగాడు కాదు కదా."

ఆ ఫైలున్న బీరువా ఆయన కుర్చీ వెనకే ఉంది. మొహం చూసి బొట్టు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, దానికీ ఒక ఆఫీసు, ఒక స్టాంపు ఉంటాయని ఆ రోజే తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. తిరుగు బస్సులో పెద్దనాన్న ఒక్కమాటే అన్నాడు. "ఆ లాయరుకి కత్తెర అందించింది కూడా నేనేనే."

మర్నాడు కెప్టెన్ వచ్చి మాలిష్ బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"నీ ఫైలు తెరవమని ఒక్క సంతకం పెట్టు నాయనా," అన్నాడు పెద్దనాన్న.

కెప్టెన్ ఎడమ కాలు చాపాడు. "మళ్లీ నా పేరు పేపర్లో ఎందుకు మావయ్యా. లాయరు కూడా వద్దన్నాడు. ఎడమ పిక్క పట్టేసింది, కొంచెం చూడు."

పెద్దనాన్న చేతుల నూనె తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఎవర్నీ ఆ బల్ల మీంచి లేపలేదు.

"లే," అన్నాడు. షీట్ల మీద నంబర్లు రాసే పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "ముందు సంతకం. తర్వాత పిక్క."

కెప్టెన్ లేచాడు. పెన్ను వైపు చూశాడు, చొక్కా తగిలించుకున్నాడు, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. సంతకం కన్నా కుంటడమే తేలికనిపించినట్టుంది ఆ మహానుభావుడికి.