మూడో షిఫ్టు ఇల్లు

కారేపల్లిలో నాంచారమ్మ ఇల్లు ఎక్కడని మునుపు ఎవరూ అడగాల్సిన పని ఉండేది కాదు. గొంతు వినబడే వైపు నడిస్తే చాలు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పంపు దగ్గర బిందెలకు వరస పెట్టేదీ ఆమే, వరస తప్పిన వాళ్ల ఏడుతరాలను తవ్విపోసేదీ ఆమే. అలాంటి మనిషి ఎనిమిది నెలలు నోరు కట్టేసుకుని బతికింది. ఆ నోరు కట్టింది నేనే కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

నేను భద్రాచలంలో ఒక దవాఖానాలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సును. నా పేరు గ్రేస్. పేరుకు కృప అని అర్థమే గానీ నా నోట్లో అది తక్కువని వార్డులో అందరికీ తెలుసు.

నాంచారమ్మ కూతురు నవత చర్ల దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఏడో నెలలోనే ఆమెకు అక్కడ నొప్పులు మొదలయ్యాయి. గుంతల రోడ్డు మీద జీపులో మా దాకా తెచ్చిన అరగంటకే కాన్పయింది. ఆడపిల్ల, కిలో రెండు వందల గ్రాములు. నా అరచేతిలో పడుకోబెడితే కాళ్లు మాత్రమే బయటికి వచ్చాయి.

తెల్లారేసరికి నాంచారమ్మ బస్సు దిగింది. వచ్చీరాగానే వార్డు గుమ్మంలో శోకాలు, దేవుళ్లకు మొక్కులు, అల్లుడు భానుకు కేకలేస్తూ ఫోను. లోపల వెచ్చని గాజు పెట్టెల్లో ఉన్న పిల్లలు ఉలిక్కిపడుతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది, సంతనా? ఆ బిడ్డ ఇంక కడుపుల ఉండాల్సిన బిడ్డ. మెదడు ఇంక తయారైతనే ఉన్నది. చప్పుడు పడదు, వెలుగు పడదు. నువ్ నోరు మూసుకుంటెనే నీ మనవరాలు దక్కుతది," అన్నాను.

ఆ తర్వాత వార్డులో ఆమె నోటి నుంచి ఒక్క మాట వినలేదు.

అయిదు వారాలకు బిడ్డ బరువు పెరిగింది. ఇంటికి వెళ్లే రోజున పాలు ఎలా పట్టాలో, ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఎలా ఉంచాలో చెప్పాను. చివర్లో, "ఇంట్ల గూడ గిట్లనే నిమ్మళంగ ఉంచుండ్రి," అని ఒక మాట అతికించాను. అంతలో ఇంకో పెట్టె దగ్గర సెలైన్ ఆగితే లేచి వెళ్లిపోయాను.

బిడ్డకు సాయిప్రియ అని పేరు పెట్టి, తర్వాత రెండుసార్లు చూపించడానికి తెచ్చారు. బరువు బాగుందని అందరం సంతోషించాం. ఎనిమిదో నెలలో తెచ్చినప్పుడు మాత్రం డాక్టరుగారు బిడ్డ వంక చాలాసేపు చూశారు. ముందుగా పుట్టిన నెలలు తీసేసి లెక్కగట్టినా ఈపాటికి నవ్వాలి, ఊకొట్టాలి, పిలిస్తే తల తిప్పాలి. సాయిప్రియ ఇవేవీ చేయలేదు. ముఖం దగ్గరికి తెస్తే పక్కకు చూసింది. చెవులు పరీక్ష చేస్తే వినికిడి బాగానే ఉంది. "ఇంట్లో బిడ్డతో మాట్లాడుతున్నారా?" అని ఆయన అడిగితే నవత తల్లి వంక చూసింది. "అన్ని సిస్టరమ్మ చెప్పినట్టే చేస్తున్నం సార్," అంది నాంచారమ్మ, వినీ వినబడకుండా.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి కారేపల్లి వెళ్లాను.

పట్టపగలు రెండు గంటలకు ఆ ఇంట్లో చీకటి. కిటికీలకు దుప్పట్లు పెట్టి మేకులు కొట్టారు. తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టి ఉంది. గిన్నెలు గోనెపట్టా మీద బోర్లించి ఉన్నాయి. నాంచారమ్మ, ఆమె భర్త సాంబమూర్తి, సెలవు పెట్టి పుట్టింట్లోనే ఉంటున్న నవత, ముగ్గురూ సైగలతో మాట్లాడుకుంటున్నారు. ఉయ్యాలలో బిడ్డ మెలకువగానే ఉంది. పైకప్పు వంక చూస్తోంది.

సాంబమూర్తి నన్ను వాకిట్లోకి తీసుకొచ్చాకే నోరు విప్పాడు. ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

"మాకిది కొత్త గాదమ్మా. నేను మూడో షిఫ్టు చేసి పొద్దుగాల వచ్చి పండుకుంటె ఇల్లంత గిట్లనే ఉండేది. నిద్ర లేనోడు బాయిల దిగితే పానం మీదికొస్తది గద. పిల్లలకు సుత సైగలే నేర్పింది మా ఆమె. మీరు చప్పుడు వద్దంటె, అది మాకు చాతనైన పనే గదా అనుకున్నం. మా అల్లుడు భాను వస్తె, బండి సందు చివర్ననే ఆపి నడిచొస్తడు."

బాయి మనుషుల ఇళ్లలో ఆడవాళ్లకు తెలిసిన విద్య అది. రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషికి పగటిపూట రాత్రిని తయారు చేసి ఇస్తారు. ఎంత ప్రేమ ఉంటే చేస్తారు ఆ పని! కానీ ఆ మనిషి సాయంత్రానికి లేచేవాడు, దుప్పట్లు తీసేసేవారు, నాంచారమ్మ గొంతు మళ్లీ వీధిలోకి వచ్చేది. బిడ్డ విషయంలో ఆ దుప్పట్లు ఎప్పుడు తీయాలో నేను చెప్పలేదు.

నాంచారమ్మను బయటికి పిలిచాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు.

"తప్పు నాది పెద్దమ్మా. చప్పుడు వద్దన్నది అరుపులు, మిషన్ల మోత. అది గూడ నెలలు నిండేదాకనే. మాట వద్దని గాదు. మన మాట వినుకుంట, మన మొఖం చూసుకుంటనే బిడ్డ మెదడు పెరుగుతది. కడుపుల ఉంటె తల్లి గొంతన్న వినేది. ఈ బిడ్డకు నేను అదిగూడ లేకుండ చేసిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె అరుగు మీద కూలబడి, "పోయిన నెలలు మళ్లొస్తయా?" అని అడిగింది.

"రావు. కానీ బిడ్డ ఇంక చిన్నదే. ఇప్పటిసంది మాట్లాడితే చానా మట్టుకు అందుకుంటది. ఎంత అందుకుంటదో నేను చెప్పలేను."

అంతా సర్దుకుంటుందని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ ఇంట్లో నా మాటను ఎంత గట్టిగా పట్టుకుంటారో అప్పటికి తెలిసింది.

సాంబమూర్తి లోపలికి వెళ్లి దుప్పట్లు పీకేశాడు. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. నవత లేచేలోపే నాంచారమ్మ ఎత్తుకుని, ఒళ్లో ముఖాముఖి కూర్చోబెట్టుకుంది. ఊరందరికీ జవాబు చెప్పిన మనిషికి పసిదానితో ఏం మాట్లాడాలో తోచలేదు.

"ఏం చెప్పాలె?" అని నన్నడిగింది.

"ఏదైనా. ఇయ్యాల ఏం కూర వండినవో చెప్పు."

"బీరకాయ," అంది బిడ్డతో. గొంతు బొంగురుపోయి ఉంది. "లేతయి గావు. అన్ని ముదిరినయే తెచ్చిండు మీ తాత. ఏరుకోవుడు ఎన్నడన్న వచ్చిందా ఆయనకు."

దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. సాయిప్రియ ఏడుపు ఆపి ఆమె పెదాల వంక చూసింది. నవ్వలేదు, ఊకొట్టలేదు. చూసింది, అంతే. నవత గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

నేను బస్సుకు బయల్దేరితే నాంచారమ్మ బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"సిస్టరమ్మా, అప్పుడు నువ్ చెప్పిందే చేసిన. ఇప్పుడు చెప్పింది గూడ చేస్త. కానీ ఎప్పటిదాక చేయాల్నో అది సుత చెప్పి పో."

"దీనికి ఆపే రోజు లేదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె సరేనని తల ఊపింది. బిడ్డతో ఇంట్లోకి అడుగు పెడుతూనే, అలవాటు కొద్దీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెనక్కి వెళ్లి ఆ కొంగు కిందికి లాగాను.